మీరేమిట్లు

రవిచంద్ర సారు చదువుతా ఉండాడు. కళ్ళజోడు ముక్కు సగానికి జారిపొయ్యింది, పైకి తోసుకోవాలని కూడా ఆయనకు తోచలేదు, అంత లీనమైపోయినాడు. ఆయన ఇంటి పై గదిలో మా ఆదివారం చదువు, ఈ వారం నాలుగు పేజీలు. మొదటిది సారుది, రెండోది ధనశేఖరన్నది, మూడోది భానుప్రియది, నాలుగోది నాది. ఎవురి పేజీ వాళ్ళు ఇంగ్లీషులో పైకి చదవాల, తర్వాత తెలుగులో చెప్పాల, ఆ తర్వాత అందరం దాని మీద మాట్లాడుకోవాల. నాలుగింటికి మొదలుపెడితే నా పేజీ కాడికి వచ్చేసరికి అయిదు కావస్తాది. అంటే ఇంకా గంట ఉండాది. ఈ గంటసేపు నేను మిగతావాళ్ళ మాదిరి తలూపతా కూర్చోవాల. చేతిలో కాగితం వణకతా ఉండాది, ఫ్యాను గాలికి అనుకుంటారులే. ఆస్పత్రిలో పసిబిడ్డల నరం దొరకబట్టి సూది గుచ్చే చెయ్యి ఇది, పదహారేండ్ల సర్వీసులో ఒక్కనాడు వణకలేదు. ఇప్పుడు వణికేది భయానికి కాదు. కోపానికి. కోపమని పేరు పెట్టుకునేదానికి నాకు మంగళవారం నుంచి ఇప్పటిదాకా పట్టింది.

"ఇల్లు బాడుగకు కావాలని నల్లవాళ్ళు పోతే తలుపు కాడే చెప్పేసేవాళ్ళంట, ఇప్పుడే ఇచ్చేసినామండీ, నిన్ననే ఎవురో వచ్చి అడ్వాన్సు ఇచ్చి పోయినారు అని. బోర్డు మాత్రం కిటికీలో అట్లనే వేలాడతా ఉండేదంట." సారు గొంతు జీరపోయింది. నిజంగానే జీరపోయింది, నటన కాదు, అదే నాకు మంట. నటన అయినా బాగుండు, ఇది నాటకం అని ఒక దండం పెట్టి లేసి పోదును. ఆయన కూర్చున్న కుర్చీకి ఎదురుగా కిటికీ, కిటికీకి అవతల మిద్దె, మిద్దెకు ఆ పక్క రెండు గదుల పోర్షను, దాని తలుపుకు తాళం. జూన్ నుంచి ఆ తాళం అట్లనే ఉండాది. కింద గేటుకు కట్టిన టు-లెట్ అట్ట వానకు నానిపోతే దసరా అయినాక కొత్తది కట్టినారు, కింద సారు ఫోన్ నంబరు. ఈ పేజీ చదువుతా చదువుతా ఆయన ఒక్కసారి తలెత్తితే చాలు, ఆ తాళం కనపడతాది. ఎత్తలేదు. అమెరికాలో ఎనభై ఏండ్ల కింద ఎవురో మూసిన తలుపు ఆయనకు ఇంత స్పష్టంగా కనిపిస్తా ఉండాది, పది అడుగుల దూరంలో తాను మూసిన తలుపు కనిపించలేదు. అయిదో కుర్చీ ఖాళీ. చిసోమో కుర్చీ.

చిసోమో అంటే వాళ్ళ భాషలో కృప. మలావి దేశం పిల్ల, ఇరవైనాలుగేండ్లు, ఈడ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తా ఉండాది. భానుప్రియ అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ, ఆ అమ్మాయే మూడు ఆదివారాలు పిల్చుకోని వచ్చింది. మేం అప్పటికి మూణ్ణెల్లుగా జాతివివక్ష మీద చదువుతా ఉండాం, బానిసల ఓడలు, వేరు వేరు నీళ్ళ కొళాయిలు, బస్సులో వెనక సీట్లు, అన్నీ అయినాయి. మొదటి వారం సారు చెప్పినాడు, వర్ణవివక్ష అనే మాటలో వర్ణం అంటే రంగు అని. ఈ దేశంలో వర్ణం అంటే ఇంకోటి కూడా ఉండాది గదా సార్ అని ఎవురూ అనలేదు. నేనూ అనలేదు. ఆ పిల్ల వచ్చినరోజు అందరికీ పండగే. నిన్ను బస్టాండులో ఏమని పిలుస్తారమ్మా, ఆటోవాళ్ళు ఎట్ల చూస్తారమ్మా, ఏడుపొస్తాదా అమ్మా అని సారు అడగతా ఉంటే ధనశేఖరన్న సెల్లులో రికార్డు చేసినాడు. ఆ పిల్ల అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది, సెల్ఫీ దిగుతామని భుజం మీద చెయ్యేసేవాళ్ళ గురించి, జుట్టు పట్టుకోని లాగి చూసేవాళ్ళ గురించి, ముఖానికి పూసుకోమని ఫెయిర్‌నెస్ క్రీము శాంపిలు చేతిలో పెట్టిన మందుల షాపు ఆమె గురించి. కడాకు సారు, మీవాళ్ళు పడిన కష్టాలు చదువుతా ఉంటే గుండె తరుక్కుపోతాదమ్మా అన్నాడు. దానికి ఆ పిల్ల నవ్వి, వాళ్ళు మావాళ్ళు కాదు సార్, వాళ్ళు అమెరికావాళ్ళు, నేను కూడా వాళ్ళ గురించి మీ మాదిరే పుస్తకంలో చదువుకున్నాను, మా ఊర్లో అందరం ఒకే రంగు, నేను నల్లదాన్నని ఈడికొచ్చినాకనే నాకు తెలిసింది అనింది. ధనశేఖరన్న, ఎంత బాగా చెప్పిందప్పా అని చప్పట్లు కొట్టినాడు.

ఆ పిల్ల హాస్టల్లో ఒక బ్లాకు రిపేరని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. మూడో ఆదివారం చదువైనాక మెట్లు దిగతా గేటు కాడ అట్ట చూసి, సార్, ఈ రూము నాకిస్తారా అని అడిగింది. ఇస్తానమ్మా, అంతకన్నానా, ఇంట్లో మాట్లాడి చెప్తా అన్నాడు. నేను పక్కనే ఉండాను, చెప్పులేసుకుంటా. నాకు ఎంత సంతోషమయిందో, ఇంటిదాకా నడిచినట్టే తెలియలేదు. సోమవారం చిసోమో ఫోన్ చేసింది. రూము లేదంట, సారు తమ్ముడి కొడుకు చదువుకోడానికి వస్తా ఉండాడంట అనింది. గొంతులో ఏమీ లేదు, బస్సు పోయింది ఇంకో బస్సు ఉండాది అని చెప్పినట్టు చెప్పింది. తర్వాత మాత్రం ఒక మాట అడిగింది, అక్కా, ఆ తమ్ముడి కొడుకు నిజమేనా? నిజమే అయ్యుంటాదిలే అన్నాను. అని ఫోన్ పెట్టేసినాక ఆ మాట నా నోట్లో చేదుగా మిగిలిపోయింది, నిజమే అయ్యుంటాదిలే. ఎవురికోసం అన్నాను? ఆ పిల్లకు ధైర్యం చెప్పడానికా, సారును కాపాడడానికా, నన్ను నేను కాపాడుకోవడానికా.

మంగళవారం పదకొండింటికి ఆస్పత్రి ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసినాను. వార్డులో రౌండ్లు అయిపోయినాయి, కౌంటరు కాడ ఎవురూ లేరు. గొంతు కొంచెం మార్చి, తమిళం కలిపినట్టు మాట్లాడినాను, మా సత్యవేడు పక్క ఆడోళ్ళు మాట్లాడినట్టు. సార్, టు-లెట్ చూసినాం, పోర్షను ఖాళీ ఉండాదా అంటే, ఉండాదమ్మా, ఎంతమంది అన్నాడు. భార్యాభర్తలం, ఒక పాప, నేను టీచరును అన్నాను. నీళ్ళకు ఇబ్బంది లేదు, రెండు గదులూ గాలి బాగా వస్తాది అని అన్నీ చెప్పి, కొంచెం ఆగి, అడగాల కాబట్టి అడగతా ఉండానమ్మా, ఏమీ అనుకోబాకండి, మీరేమిట్లు? అన్నాడు. అంత మెత్తగా అడిగినాడు. మీరు ఏ కులమోళ్ళు అని అడిగితే అది మోటు, మీరేమిట్లు అంటే మర్యాద. ఈ ఊర్లో ఇల్లు ఎదికినోళ్ళందరికీ ఆ మర్యాద తెలుసు. నా నోట్లోంచి మీవాళ్ళమే సార్ అని వచ్చేసింది. అట్లయితే సాయంత్రమే రండమ్మా, మావాళ్ళే అంటే ఇంక మాట్లాడేదేముండాది అన్నాడు. తమ్ముడి కొడుకు ఊసే లేదు. ఫోన్ పెట్టేసినాను. మూడో నంబరు బెడ్డు పెద్దాయన సెలైన్ అయిపోయిందమ్మా అని పిలస్తా ఉంటే పోయి మార్చినాను. నరం పట్టుకునేటప్పుడు ఎవురూ అడగరు, మీరేమిట్లు అని. నొప్పి తగ్గినాక, డిశ్చార్జి రోజు, మూట సర్దుకుంటా అడగతారు.

ధనశేఖరన్న రెండో పేజీ ఎత్తుకున్నాడు. ఆయనకు జిరాక్స్ షాపు ఉండాది, ఈ పేజీలన్నీ మాకు ఊరికే తీసిచ్చేది ఆయనే. ఇంగ్లీషు తడుముకుంటా చదివి, "అంటే ఏమంటా ఉండాడంటే, నల్లోళ్ళు ఆ ఈదిలోకి వచ్చినారంటే ఇండ్ల ధర పడిపోతాదని తెల్లోళ్ళు అందరూ కలిసి కాగితం రాసుకునేది, మనం ఎవురమూ వాళ్ళకు అమ్మకూడదు అని. చూడు సార్, ఎంత దుర్మార్గమో" అని తల కొట్టుకున్నాడు. ఈడ కాగితం ఎందుకన్నా, ఈడ ఎవురూ ఏమీ రాసుకోలేదు, రాసుకోకుండానే అందరికీ కంఠతా వచ్చు. భానుప్రియ నోట్సు రాసుకుంటా ఉండాది. ఈ పిల్లకు తెలుసా, సారు చిసోమోకు రూము లేదని చెప్పినట్టు? తెలిసే ఉంటాది. తెలిసి, తన పీహెచ్‌డీ గైడుకూ సారుకూ స్నేహం కాబట్టి ఊరుకుందేమో. నేను ఎవురిని అంటాను, నేను ఊరుకోలేదా.

అప్పుడు వసంతమ్మ కాఫీ తెచ్చింది. సారు భార్య. రెండేండ్ల కింద ఆమెకు మోకాలు ఆపరేషను అయింది మా ఆస్పత్రిలోనే, మా వార్డులోనే. అప్పుడే సారు నా టేబులు మీద ఇంగ్లీషు పుస్తకం చూసి, మా ఆదివారం చదువుకు రామ్మా అని పిల్చినాడు. ఆమె ఇప్పటికీ మెట్లు ఒక్కొక్కటే ఎక్కతాది, అయినా ప్రతివారం ఆమే పళ్ళెం పట్టుకోని వస్తాది. అయిదు గ్లాసులు తెచ్చింది. ఖాళీ కుర్చీ చూసి, "ఆ పిల్ల రాలేదా?" అని అడిగింది. సారు కాగితం మీంచి తలెత్తకుండా, "పరీక్షలంట" అన్నాడు. పరీక్షలు జనవరిలో. ఇది నవంబరు. అయిదో గ్లాసు పళ్ళెంలోనే పెట్టుకోని ఆమె దిగిపోయింది. ఒక అబద్ధం చెప్పినోడికి రెండోది ఇంత సులువుగా వస్తాదా అనుకున్నాను. వస్తాది. నాకు తెలియదా.

నాకు తెలియకపోతే ఎవురికి తెలుస్తాది. మేముండేది యశోదమ్మ ఇంట్లో, కింద ఆమె, పైన మేం. యశోదమ్మ వసంతమ్మకు పిన్నమ్మ కూతురు. ఆ ఇల్లు చూపించింది కూడా రవిచంద్ర సారే, మంచి పిల్ల, నర్సు, చదువు అంటే ప్రాణం అని పూచీ పడినాడు. యశోదమ్మ ఆ మర్యాద ప్రశ్న అడిగితే మొదలియార్లం అన్నాను. సరిహద్దు ఊరు గదా, తమిళం కలిసిన మనుషులం, ఎవురు పోయి విచారిస్తారు. అంతకుముందు పదకొండు ఇండ్లు తిరిగినాం. పదకొండు చోట్లా నిజమే చెప్పినాం, పదకొండు చోట్లా ఇప్పుడే ఇచ్చేసినామన్నారు. పన్నెండో ఇంటి కాడ నేను నిజం చెప్పలేదు, ఇల్లు దొరికింది. ఆరోజు నుంచి మా ఆయన ఏబెల్ పేరు అభి. మా పాప మోహనకు అప్పుడు ఎనిమిదో తరగతి, నాన్న పేరు ఎవురన్నా అడిగితే అభి అని తడుముకోకుండా చెప్పడం నేర్పించినాను, లెక్కలు నేర్పించినట్టు. ఏసుప్రభువు పటం బీరువాలో, చీరల వెనకాల. ప్రార్థన గొంతులోపలే. ప్రతి డిసెంబరు ఇరవైనాలుగున మా అవ్వకు ఒళ్ళు బాగుండదు, మేం సత్యవేడు పోవాల, పోయినేడు యశోదమ్మ జాలిపడి అవ్వకని హార్లిక్సు సీసా ఇచ్చి పంపింది. అవ్వ చచ్చిపోయి ఆరేండ్లు. ఆ సీసా బస్సులో ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నాను, ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. తెల్లోళ్ళలో కలిసిపోయి తెల్లోళ్ళమని చెప్పుకోని బతికిన లేతరంగు మనుషుల గురించి ఒక వారం చదివినారు. ఆ ఆదివారం నేను డ్యూటీ అని చెప్పి పోలేదు.

చిసోమోకు మాత్రం చెప్పినాను, ఎందుకో ఆ పిల్లకే చెప్పినాను. ఒకరోజు ఇంటికి పిల్చుకోని వచ్చినాను, సంగటి చేసినాను, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి, గోంగూర. ముద్ద చూడగానే ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. మా ఇంట్లో మూడు పూటలా ఇదే అక్కా, మేం మొక్కజొన్న పిండితో చేస్తాం, సీమ అంటాం అనింది. ఇది కూడా సీమేలేమ్మా అన్నాను, మోహన పడీపడీ నవ్వింది. చేతితో విరిచి, బొటనవేలుతో గుంట చేసి, ఆకుకూర అద్దుకోని, మా జేజినాయన తిన్నట్టే తినింది. తిన్నాక గోడలన్నీ చూసి, అక్కా, మీరు ప్రార్థన యాడ చేస్తారు అని అడిగితే బీరువా తీసి చూపించినాను. ఆ పిల్ల చీరలు పక్కకు జరిపి పటం చూసింది. తర్వాత, నేను నా తోలు బీరువాలో పెట్టలేను గదక్కా అనింది. ఎత్తిపొడుపు కాదు. నా మీద జాలి. ఆ జాలి నేను మోయలేకపోయినాను. కిందికి దిగతా ఉంటే యశోదమ్మ ఎదురుపడితే, ఆస్పత్రికి ట్రైనింగుకు వచ్చిన ఫారిన్ డాక్టరు అని చెప్పినాను. ఆ పిల్ల పోయినాక యశోదమ్మ, "డాక్టరైతే అయినాది గానీ కోమలీ, మళ్ళా పిల్చుకోని రాబాక, ఈదిలో పిల్లోళ్ళు జడుసుకుంటారు" అనింది. నేను నవ్వినాను. అవునక్కా అని కూడా అన్నాను. సోమవారం ఆ పిల్ల రూము లేదంట అని ఫోన్ చేసినప్పుడు మా ఇంట్లో మోహన గది ఉండాది, ఇంకో మంచం పట్టే చోటు ఉండాది, మా ఇంటికి వచ్చేయమ్మా అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సారుకు తమ్ముడి కొడుకు ఉండాడు. నాకు యశోదమ్మ ఉండాది. ఎవురి సాకు వాళ్ళది.

మా నాయన జయరావు మేస్త్రీ. నాయుడుపేట నుంచి రేణిగుంట దాకా ఆయన కట్టిన ఇండ్లు ఎన్నో ఆయనకే తెలియదు. ఇల్లు లేసేదాకా ఆ ఇల్లు ఆయనదే, వంటగది మెట్టు ఎంత ఎత్తుండాల, దేవుడి గూడు ఏ మూల పెట్టాల, అన్నీ ఆయన్నే అడిగేవాళ్ళు. దేవుడి గూటికి టైల్సు ఆయనే అతికించేవాడు. పాలు పొంగించిన రోజు మాత్రం గేటు బయట షామియానాలో పంచె, తువ్వాలు, అరిటాకులో అన్నం. చిన్నప్పుడు ఒకసారి నేను బాత్రూముకని ఆయన కట్టిన ఇంట్లోకే పోబోతే నాయన నా జబ్బ పట్టుకోని ఎనక్కి లాగినాడు. ఆ ఇంటామె లాగలేదు, నాయన లాగినాడు. ఎందుకు నాయనా, నువ్వు కట్టిందే గదా అంటే, కట్టేది వేరు పాపా అన్నాడు. అంతే. నాకు ఆ ఇంటామె ముఖం గుర్తులేదు, నాయన చేతి పట్టు గుర్తుండాది. రెండేండ్లుగా నేను మోహన జబ్బ పట్టుకోని లాగతానే ఉండాను. ఆ పిల్ల ఇంతవరకూ ఎందుకమ్మా అని అడగలేదు. అడగని పిల్లను చూస్తే ఇంకా భయం.

భానుప్రియ పేజీ కూడా అయిపోయింది. ఏం చదివిందో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. తిరుమల కొండ మీద మబ్బు దిగింది, గదిలో ఎవురో లైటు వేసినారు. "కోమలీ, నీ వంతమ్మా" అన్నాడు సారు. కాగితం చూసినాను. అక్షరాలు కదలతా ఉండాయి. ఇది చదివి, తెలుగులో చెప్పి, ఎంత దుర్మార్గమో అనిపించుకోని, చెప్పులేసుకోని పోవచ్చు. వచ్చే వారం మళ్ళా రావచ్చు.

"చదివే ముందు ఒక మాట సార్. చిసోమోకు ఇప్పుడు పరీక్షలు లేవు."

"అట్లనా? నాకు ఎవురో చెప్పినారే."

"మీ తమ్ముడి కొడుకు వచ్చేసినాడా సార్, ఆ పోర్షన్లోకి?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "వస్తాడమ్మా, ఇంకా ఏదీ తేలలేదు."

"మంగళవారం పదకొండింటికి మీకొక ఫోనొచ్చింది. భార్యాభర్తలు, ఒక పాప, టీచరు అని. మీరేమిట్లు అని అడిగినారు. మీవాళ్ళమే అంటే సాయంత్రం రమ్మన్నారు. ఆ ఫోన్ చేసింది నేను సార్."

భానుప్రియ పెన్ను ఆగింది. సారు ముఖంలో సిగ్గు వస్తాదేమో అని చూసినాను, నిజంగా ఎదురుచూసినాను, రాలేదు, వచ్చింది నొచ్చుకోవడం. "నన్ను పరీక్ష పెట్టినావా కోమలీ? గొంతు మార్చి, అబద్ధం చెప్పి? నిన్ను మా ఇంటి మనిషి అనుకున్నానే" అన్నాడు. ధనశేఖరన్న మధ్యలోకొచ్చి, "అమ్మా, ఇది చదువుకునే చోటు. సొంత విషయాలు కింద మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఈ పేజీల్లో ఉండేవి ఎవురి సొంత విషయాలన్నా?" అన్నాను. ఆయన కాగితాలు దగ్గరికి చేసుకున్నాడు.

"నాకేం పట్టింపు లేదమ్మా" అన్నాడు సారు, ఈసారి నిదానంగా, పాఠం చెప్పే గొంతుతో. "నేనొక్కణ్ణే అయితే ఆ పిల్లను రేపే రమ్మందును. ఇంట్లో ఆడోళ్ళుండారు. వసంతకు పూజలు, కార్తీకం ఉపవాసాలు. పెద్దతనంలో ఆమె మనసు కష్టపెట్టలేను గదా."

"నన్నెప్పుడడిగినారు?"

వసంతమ్మ. ఖాళీ గ్లాసులు తీసుకోడానికి వచ్చి గడప కాడ నిలబడి ఉండాది, ఒక చెయ్యి మోకాలి మీద. ఎప్పటినుంచి వింటా ఉండాదో. "ఆ పిల్లను ఈడ పెడదామా అని నన్నెప్పుడడిగినారు? మీ తమ్ముడి కొడుకు వస్తాడని కూడా నాకు చెప్పలేదే. అడిగుంటే ఏమనేదాన్నో, వద్దనే అనేదాన్నేమో, నాకూ తెలియదు. కానీ అడగలేదు. నా పేరు మాత్రం చెప్పుకున్నారు." గొంతు పెంచలేదు. గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకోని, ఒక్కొక్క మెట్టే దిగిపోయింది.

అప్పుడు చెప్పినాను. ఇంక దాచుకోని ఏం చేసుకోవాల. "నేను చెప్పిన అబద్ధం అదొక్కటే కాదు సార్. మేం మొదలియార్లం కాదు, మాలోళ్ళం. మా ఆయన పేరు అభి కాదు, ఏబెల్. మొదటి వారం మీరు అందరినీ అడిగినారు, మీకు జీవితంలో వివక్ష ఎదురయిందా అని. నాకేం లేదు సార్ అని చెప్పినాను. అది కూడా అబద్ధమే." భానుప్రియ నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక ఆగిపోయింది. సారు కిటికీ పక్కకు చూసినాడు. ఈ గంటలో మొదటిసారి ఆ తాళం పక్కకు చూసినాడు. తర్వాత నా పక్కకు తిరిగి, కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకోని, గొంతు బాగా తగ్గించి, ఎంతో దయగా చెప్పినాడు. "నువ్వేం భయపడబాకమ్మా. యశోదకు నేను చెప్పను. ఈ గది దాటి పోదు. ధనశేఖర్ కూడా చెప్పడు. మీ పాప చదువుకునే పిల్ల. నీ ఇంటికేమీ కాదు."

ఆ దయ. దానికి నాకు ఒళ్ళంతా మండిపొయ్యింది. మీరేమిట్లు అన్నప్పుడు కూడా ఇంత మండలేదు. నేనేమి దొంగతనం చేసినానని ఈయన దాచిపెడతానంటా ఉండాడు? నా పేరు, మా నాయన పేరు, మా ఆయన పేరు ఈయన జేబులో రహస్యంగా పెట్టుకోని, ఆదివారం ఆదివారం నన్ను చూసి మెత్తగా నవ్వతాడు. నేను కృతజ్ఞతగా కాఫీ తాగాల. రెండేండ్లు నేనే దాచుకున్నాను, ఇంకమీదట నలుగురు కలిసి నన్ను దాస్తారు. బ్యాగులోంచి ఫోన్ తీసినాను. "ఎవురికమ్మా?" అన్నాడు సారు. యశోదమ్మ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఖాళీ కుర్చీలో పెట్టినాను. చెయ్యి వణకలేదు. నాలుగు రింగులకు ఎత్తింది. వెనకాల టీవీ.

"చెప్పు కోమలీ. వానొచ్చేటట్టుండాది, మిద్దె మీద మీ బట్టలు తీసెయ్యమంటావా?"

"అక్కా, మీతో ఒక మాట చెప్పాల. మేం మొదలియార్లం కాదు. మాలోళ్ళం, చర్చికి పోయేవాళ్ళం. ఇంట్లోకి వచ్చేటప్పుడు మీకు అబద్ధం చెప్పినాను, ఇల్లు దొరకదని. ఇంకోటి, ఆరోజు వచ్చిన పిల్ల డాక్టరు కాదు, ఈడ చదువుకునే పిల్ల. ఆ పిల్లకు ఉండే చోటు లేదు. రేపట్నుంచి మా దగ్గరే ఉంటాది."

టీవీ చప్పుడు ఆగిపోయింది, కట్టేసినట్టుండాది. "ఎందుకిప్పుడు చెప్తా ఉండావు?" అని అడిగింది యశోదమ్మ. "ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవురూ అనలేదక్కా. నేనే చెప్తా ఉండాను."

"సరే" అనింది యశోదమ్మ. "పాపకు మార్చిలో పదో తరగతి పరీక్షలు. అందాకా ఉండండి. ఆ పిల్ల సంగతి నేను చూడలేదనుకుంటా. నువ్వు చెప్పింది కూడా నేను వినలేదనుకుంటా. ఈదిలో మాత్రం ఎవురికీ చెప్పబాక కోమలీ."

సారు నా పక్క చూసి తలూపినాడు, ఒప్పుకో అన్నట్టు, ఇంతకన్నా మంచి మాట ఇంకెవురంటారు అన్నట్టు.

"చెప్తానక్కా" అన్నాను.